ఉచిత సాఫ్ట్‌వేర్‌కు రుసుము ఎంతవరకు సమంజసం?

సూరత్‌లో పాండేసరా పారిశ్రామికవాడకు చేరువలోని వడోద్ పరిసరాలకు వస్త్ర పరిశ్రమే జీవనాధారం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. చీరలపై ఎంబ్రాయిడరీ నమూనాలు ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్‌పైనే రూపొందుతున్నాయి. బొమ్మ గీసే ఇంక్‌స్కేప్, ఆ బొమ్మను కుట్టుయంత్రం చదవగల ఫైలుగా మార్చే ఇంక్‌స్టిచ్ ఎవరికైనా ఉచితంగా లభిస్తాయి. ఇటువంటి చోట ఒక దుకాణదారుడు వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి రెండువేల రూపాయలు తీసుకుంటే, అది అన్యాయమా?

లైసెన్సు ప్రకారం కాదు. ఇంక్‌స్టిచ్‌కు వర్తించే జీపీఎల్ మూడవ రూపం 2007లో వెలువడింది. ప్రతులను ఏ ధరకైనా ఇవ్వవచ్చునని అది స్పష్టంగా పేర్కొంటోంది. ఈ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ సైతం 1985లో ఈమాక్స్ టేపులను 150 డాలర్లకు విక్రయించారు. ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే ఒకే మాట ఉచితానికీ స్వేచ్ఛకూ చెల్లడం వల్ల పుట్టిన గందరగోళం తెలుగులో ఉండనవసరం లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరునే ఎంచుకుంది.

అన్ని లైసెన్సులూ ఒకటి కావు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గురజాడ, సూరన్న వంటి తెలుగు ఖతులకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు వర్తిస్తుంది. ఆ ఖతులతో శుభలేఖలు అచ్చువేసి సొమ్ము తీసుకోవచ్చు. ఖతిని మాత్రమే విడిగా అమ్మడానికి వీలులేదు.

చట్టం అనుమతించినంత మాత్రాన నైతిక ప్రశ్న తీరిపోదు. సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి, తెలుగు కీబోర్డు అమర్చి, రెండు రోజులు నేర్పి, చెడినప్పుడు వచ్చి సరిచేసే మనిషి తీసుకునేది కూలి. దానిని తప్పుపట్టడం శ్రమను తక్కువచేయడమే. అదే సాఫ్ట్‌వేర్‌కు పేరు మార్చి, ‘లైసెన్సు ఫీజు’ అని రసీదు రాసి, ఏటా పునరుద్ధరణ పేరుతో వసూలు చేస్తే కొనుగోలుదారు మోసపోయినట్టే. ఇంటర్నెట్‌లో వెతికే అలవాటు లేని కార్మికునికి ఆ తేడా తెలిసే అవకాశమూ తక్కువే.

అసలును పోలిన నకళ్లను అరికట్టే ఉద్దేశంతో 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన యాప్ స్టోర్‌లో ఓపెన్ సోర్స్ అమ్మకాలపై ఆంక్షలు ప్రకటించింది. అయితే సొంత సాఫ్ట్‌వేర్‌ను అమ్ముకుని మనుగడ సాగించే రూపకర్తలకూ ఆ నిబంధన అడ్డుపడింది. విమర్శలు రావడంతో జులైలోనే దానిని సవరించుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో లిబ్రేఆఫీస్ సంస్థ ఆపిల్ స్టోర్‌లో 8.99 యూరోల ధర పెట్టింది. తన వెబ్‌సైట్‌లో మాత్రం ఉచితంగానే ఉంచి, ఆ విషయాన్ని బహిరంగంగా చెప్పింది.

దుకాణదారుడు అందుకున్న సొమ్ములో ఇంక్‌స్టిచ్ రూపకర్తలకు పైసా పంపాలన్న నిబంధన ఏదీ లేదు. వారు విరాళాలు స్వీకరిస్తారు. రసీదుపై ‘అమరిక, శిక్షణ ఖర్చు’ అని ఒక్క పంక్తి రాయడానికైతే దుకాణానికి ఖర్చే లేదు.