అక్షరదోషమునకు శిక్ష యెవరికి?

కాగితములో ఒక అంకె తారుమారైనచో ఆ తప్పు వ్రాసినవానిదా, వ్రాయించుకొన్నవానిదా? ఈ ప్రశ్నకు పలక పట్టిన పిల్లవాడును సమాధానము చెప్పగలడు. మోటారుబండ్ల బీమా వ్యవహారములో మాత్రము దీనికి తలక్రిందులైన సమాధానమే చిరకాలముగా చెల్లుచున్నది. వ్రాయునది సంస్థ, నష్టపడునది గృహస్థుడు, దిద్దించుకొనుటకు తిరుగవలసినవాడును గృహస్థుడే.

2022వ సంవత్సరము జూలైలో గోదావరి పొంగి మా కోనసీమ లంకలను ముంచివేసిన సంగతి చదువరులు మరచియుండరు. ఆ దినములలో మా కారు రాజోలు ప్రాంతమున బంధువుల యింటి ముంగిట నిలిచియుండెను. రాత్రికి రాత్రి నీరు వచ్చి సీట్లవరకు ముంచెను. నీరు తీసిన పిమ్మట మేము దానిని స్టార్టు చేయలేదు. అట్లు చేసినచో ఇంజనులోనికి నీరు చొచ్చి పాడగుననియు, ఆ నష్టమును సంస్థవారు ఒప్పుకొనరనియు మెకానిక్కు ముందే హెచ్చరించియుండెను. బండిని లాగించుకొనివచ్చి షెడ్డులో పెట్టించి బీమాసంస్థకు కబురంపితిమి. సర్వేయరు వచ్చి చూచి ఫోటోలు తీసికొనిపోయెను. ఆయన మర్యాదస్థుడు, ఆయనపై మాకేమియు ఫిర్యాదు లేదు. పది దినములకు ఉత్తరము వచ్చినది. పాలసీలోని ఇంజను నంబరును, సి-బుక్కులోని ఇంజను నంబరును సరిపోలుట లేదట! మునిగిన బండి బీమా చేయబడిన బండియే యని నమ్ముట యెట్లని వారి సందేహము.

తీసి చూచితిమి. నిజమే, రెండంకెలు ఒకదాని స్థానమును మరియొకటి ఆక్రమించుకొన్నవి. బండి నంబరు సరియే, ఛాసిస్ నంబరు సరియే, పేరును సరియే. మూడేండ్లుగా ఆ తప్పు నంబరు మీదనే మావద్ద ప్రీమియము పుచ్చుకొన్నారు. ఆ మూడేండ్లును నిద్రించిన సందేహము, సొమ్ము ఇయ్యవలసిన దినమున మేల్కొన్నది.

దిద్దుబాటునకు వారి భాషలో ఎండార్సుమెంటు అని పేరు. అమలాపురము కార్యాలయమువారు ఆ పని రాజమహేంద్రవరములో జరుగవలెననిరి. అచ్చటివారు, నష్టము జరిగిన పిదప దిద్దుటకు హైదరాబాదు అనుమతి కావలెననిరి. హైదరాబాదువారు అర్జీని అమలాపురము ద్వారా పంపుడనిరి. సి-బుక్కు నకలు, బండి కొన్ననాటి బిల్లు, ఇంజను మీది అంకెలను కాగితమునకెక్కించిన పెన్సిలు ముద్ర, అన్నియు సమర్పించితిమి. అంతటితో తృప్తిలేక స్టాంపు కాగితముపై ప్రమాణపత్రమడిగిరి. తప్పు మేము చేయలేదని మేము ప్రమాణము చేసి నోటరీ ముద్ర వేయించితిమి. చేసినవారు మాత్రము ఒక్క పంక్తియైనను వ్రాసియిచ్చినవారు కారు. ఇట్లు నాలుగు మాసములు గడచెను. ఈలోపల షెడ్డులోని బండికి త్రుప్పు పట్టెను, షెడ్డు అద్దె పెరిగెను.

మాది కలిగినంతలో గడచిపోవు సంసారము, కోపముతో సరిపోయినది. కొత్తపేట వైపున మేమెరిగిన ఒక యిల్లాలికి అంతటితో పోలేదు. భర్త అద్దెకు కారు నడిపి కుటుంబమును పోషించుచుండెను. ఆయన హఠాత్తుగా పోయెను. బండి యజమాని మరణించినచో పాలసీ మరణదినము నుండి మూడు మాసములో, లేక దాని గడువు తీరు వరకో, ఏది ముందైన అంతవరకే నిలుచునని షరతు కలదు. ఆలోపల బండి వారసుల పేర మారవలెను. మరణ ధ్రువపత్రము, తహశీల్దారు ఇచ్చు కుటుంబసభ్యుల ధ్రువపత్రము, ఆధారు, సి-బుక్కు, ఇన్నింటియందును మృతుని పేరు ఏకాక్షరభేదము లేక యుండవలెను.

ఉండునా? సత్యనారాయణమూర్తి అను పేరు మా సీమలో వీధికొకటి వినబడును. దానిని ఇంగ్లీషు అక్షరములలో వ్రాయునపుడు ఒకరు ‘టి’ వ్రాసినచోట మరియొకరు ‘టిహెచ్’ వ్రాయుదురు. ‘మూర్తి’లోని దీర్ఘమును ఒకరు ‘యు’తోను వేరొకరు రెండు ‘ఓ’లతోను పలికింతురు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు పిమ్మట. దరఖాస్తులోనో మొదటి పేరునకొక గడి, చివరి పేరునకొక గడి. ఒక గుమాస్తా ఇంటిపేరును చివరకు నెట్టును, ఒకడు పొడి అక్షరముగా కుదించును, ఒకడు మొత్తముగా మ్రింగివేయును. తెలుగులో ఒక్కటే యైన మనుష్యుడు ఇంగ్లీషు కాగితములలో నలుగురగును. ఆ నలుగురును ఒక్కడేయని నిరూపించు భారము అతని విధవపై పడినది. ఆమె తిరుగుచుండగనే మూడు మాసములు గడచిపోయెను. నాలుగవ మాసమున, జీతమునకు పెట్టుకొన్న డ్రైవరు చేతిలో బండి కాలువలోనికి ఒరిగెను. దైవవశమున ప్రాణములు దక్కెను, బండి దక్కలేదు. అప్పటికి పాలసీ చెల్లదని సంస్థవారు చెప్పిరి. వారు నియమము ప్రకారమే చేసిరి. మా ఫిర్యాదు అదియే.

ఈ బీమా మనము కోరి కొనునది మాత్రమే యైనచో ఇంత వ్రాయము. బండివలన ఇతరులకు కలుగు హానికి బీమా యుండి తీరవలెనని 1939 నాటి మోటారు వాహనముల చట్టము విధించెను. 1988 చట్టము ఆ విధిని నిలిపెను. లేకున్నచో మొదటి తప్పునకు రెండువేల రూపాయలు జరిమానా యని 2019 సవరణ చెప్పుచున్నది. రాజశాసనముచే కొనిపించు సరకులో తూకము సరిగా నుండవలదా? కాగితము లేనివానికి జరిమానా కలదు. తప్పు కాగితము ఇచ్చినవానికి ఏమి కలదు?

మోసగాండ్రు లేకపోలేదని సంస్థవారందురు. అంగీకరించితిమి. దొంగ పాలసీలును, దొంగ క్లెయిములును ఉన్నమాట వాస్తవమే. అయినచో పరీక్ష సొమ్ము పుచ్చుకొను దినమున ఏల చేయరు? కేంద్రప్రభుత్వమువారి వాహన్ పట్టికలో బండ్ల ఇంజను నంబర్లును కలవు; పోల్చిచూచుటకు నిమిషము చాలును. బీమా యనునది పరమ విశ్వాసముపై నిలిచిన ఒడంబడికయని వారు మాటిమాటికి మనకు బోధింతురు. ఇంగ్లాండులో మాన్స్‌ఫీల్డు ప్రభువు 1766లోనే ఆ విశ్వాసము ఇరుపక్షములను బంధించునని తీర్పు చెప్పియున్నాడు. మన సంస్థలు అందులో సగము మాత్రమే కంఠస్థము చేసినవి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థవారు ఉత్తరువు చేయుచు, కావలసిన పత్రములను పాలసీ ఇచ్చునప్పుడే అడుగవలెననియు, పత్రములు లేవను నెపముపై ఏ క్లెయిమును త్రోసివేయరాదనియు స్పష్టముగా చెప్పిరి. ఈ మాట ప్రతి కార్యాలయపు గోడమీదను తెలుగులో వ్రాయబడవలెను.

తెలుగన్న మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదము. 2002 నాటి నిబంధనలలో బీమా పత్రములను రాజ్యాంగము గుర్తించిన భాషలలో సందర్భమునుబట్టి ఇయ్యవచ్చునని యుండెను. ఆ ‘వచ్చును’ అను మాటలోనే మన తెలుగు మునిగిపోయినది. పొలము దస్తావేజును తెలుగులో చదివించుకొని సంతకము చేయు రైతు, లక్షల విలువగల బండి కాగితమును చదువకయే పెట్టెలో పెట్టుచున్నాడు.

ఇక మన తప్పు. చదువుకొన్నవారమయ్యు మనము ఖాళీ దరఖాస్తుపై సంతకము చేసి, మిగిలినది మీరే నింపుకొనుడని ఏజెంటునకిచ్చుచున్నాము. అతడు ప్రీమియము తగ్గించి మనలను సంతోషపెట్టుటకు, వెనుకటి యేడు క్లెయిము లేదని గుర్తు పెట్టి రాయితీ వ్రాసివేయును. అది నూటికి ఇరువదితో మొదలై ఏబది వరకు పోవును. మనము నిరుడు క్లెయిము పుచ్చుకొనియుండినచో అది అబద్ధము, క్రింద సంతకము మనది. మగవారు బండి తాళపుచెవి జేబులో వేసికొని తిరుగుదురే కాని, పాలసీ ఎక్కడున్నదో ఇంటి ఆడువారికి చెప్పరు. ఆ కొత్తపేట యిల్లాలికి పాలసీ యున్న సంగతి తెలియుటకే ఇరువది దినములు పట్టెను. యజమాని పోయిన ముప్పది దినములలో రవాణాశాఖవారికి తెలుపవలెనను నియమమును ఆమెకు చెప్పినవారే లేరు.

తప్పు సంస్థదైనచోట దిద్దుబాటు సంస్థ వ్యయముతో, వారము దినములలో, అర్జీ ఇచ్చిన కార్యాలయముననే జరుగవలెను. ప్రీమియము పుచ్చుకొన్న పిదప అక్షరదోషమును నెపముగా చూపు హక్కు సంస్థకుండరాదు. యజమాని మరణించినపుడు, వారసులు అర్జీ ఇచ్చియుండినచో, పేరు మారువరకు పాలసీ చెల్లవలెను. ఈ మూడును మా కోరికలు. అంతవరకు చదువరులు ఊరకుండనక్కరలేదు. సంస్థకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, ఒక మాసములో సరియైన జవాబు రానిచో, ఏడాదిలోపల బీమా అంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాములకు ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. మేము అట్లే వ్రాసెదమని తెలిపిన పిమ్మట మా క్లెయిము కదలినది.

దిద్దిన పాలసీయు వచ్చినది. ఇంజను నంబరు సరిగానున్నది. ఈసారి మా యింటిపేరులో ఒక అక్షరము పోయినది. మరల అర్జీ వ్రాసి, నకలు దాచుకొని, అమలాపురము కార్యాలయములో ఇచ్చి రసీదు తీసికొన్నాము.