కప్పు వద్దు, లీగు పెట్టండి

సంక్రాంతి దగ్గర పడ్డదంటే మన ఊళ్ళల్లో టోర్నమెంటు కరపత్రాలు పంచుతరు. క్రికెట్టు, కబడ్డీ, వాలీబాలు, ఎక్కడన్నా ఒకచోట ఫుట్‌బాలు. ఆ కరపత్రం మీద ఆడేవాళ్ళ పేరు ఒక్కటి కనబడదు. ప్రైజు ఇచ్చే దాత ఫోటో ఉంటది. కప్పు ఎవరి జ్ఞాపకార్థమో ఆ పెద్దమనిషి ఫోటో ఉంటది. అడుగున ఎంట్రీ ఫీజు ఉంటది. మన పిల్లలు కూలి పైసల్లోంచి తలా ఇంత వేసుకుని ఆ ఫీజు కడతరు. పొద్దున పోతరు, ఒక్క మ్యాచు ఓడితే పగటి బువ్వ యాళ్ళకు ఇంటికొస్తరు. మళ్ళీ ఏడాది దాకా ఆట లేదు. ఇది మార్చాలంటున్నాం మేం. దామరచర్ల మండలంలో ఫుట్‌బాలు కప్పు మాకొద్దు, ఫుట్‌బాలు లీగు కావాలె.

కప్పుకూ లీగుకూ తేడా ఏందని అడిగేవాళ్ళకు లెక్క చెప్తం. ఎనిమిది జట్లు వచ్చినయనుకుందాం. కప్పు పద్ధతిలో మొత్తం ఏడు మ్యాచులు. నాలుగు జట్లు ఒక్కొక్క మ్యాచుకే ఇంటికి పోతయి. లీగు పద్ధతిలో ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఆడుతది. మొత్తం ఇరవై ఎనిమిది మ్యాచులు. ఈ ఆదివారం ఓడినోడు వచ్చే ఆదివారం మళ్ళీ ఆడుతడు. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. ఆఖరున అన్నీ కూడి ఎవరు ముందో చూస్తరు. ఒక్క పూట అదృష్టం మీద, ఒక్క రెఫరీ ఈల మీద ఏడాది కష్టం కొట్టుకపోదు.

ఈ పద్ధతి ఎట్ల పుట్టిందో తెలిస్తే మన వాదన ఇంకా గట్టిపడతది. ఇంగ్లండులో 1885లో ఫుట్‌బాలు ఆటగాళ్ళకు జీతమిచ్చి ఆడించుకోవడానికి అనుమతి వచ్చింది. కానీ ఆడేది ఎక్కువగా కప్పులు. కప్పులో ఓడితే ఆ జట్టుకు నమ్మకంగా మ్యాచుల్లేవు. మ్యాచు లేకుంటే టికెట్టు పైసల్లేవు, ఆటగాడికి జీతం ఎక్కడిది? అందుకే 1888లో పన్నెండు క్లబ్బులు కూడి లీగు పెట్టుకున్నయి. ఓడినా గెలిచినా ఒక్కో జట్టుకు ఇరవై రెండు మ్యాచులు ఖాయం చేసుకున్నయి. అంటే లీగు పని గ్యారంటీ కోసం పుట్టింది. కూలోనికి ఒక్క రోజు పని కావాలా, సీజనంతా పని కావాలా? ఈ ప్రశ్నకు మన వాడల్లో ఎవల్నడిగినా జవాబు చెప్తరు.

ఫుట్‌బాలు మన ఆట కాదని కొందరంటరు. వాళ్ళు హైదరాబాదు చరిత్ర చదవాలె. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెల్చింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. వాళ్ళను తయారుచేసింది ఒక బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. దేశం జట్టును నడిపిందీ ఆయనే. 1951లో ఢిల్లీ ఏషియాడ్ బంగారం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్ళీ బంగారం. 1963లో కాన్సరుతో చనిపోయిండు. ఆయన పోయినంక ఇయ్యాల్టి దాకా దేశానికి ఆ ఆటలో మళ్ళీ ఏషియాడ్ బంగారం రాలేదు.

ఆ రోజుల ఆటగాళ్ళల్లో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాదు పక్క అమ్ముగూడ, పేదింటి బిడ్డ. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే ఆయనతో ఫుట్‌బాలు బూట్లుగా చేయించుకున్నడు. అమ్ముగూడ నుంచి పట్నం వచ్చి ఆడడానికి దారి ఖర్చుల్లేవంటే, సైకిలు కిరాయికి రహీం రూపాయి ఇచ్చిండు. ఆ పిల్లగాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడిండు, 1962 బంగారం జట్టులో ఉన్నడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసిండు. ఒక రూపాయి, ఒక మోచి చేతిపని, ఒక పంతులు కన్ను. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఒలింపిక్ ఆటగాడు తయారైండు. మన వాడల్లో, తండాల్లో పరిగెత్తే పిల్లలు తక్కువ లేరు. ఆ రూపాయి తక్కువున్నది, ఆ కన్ను తక్కువున్నది.

ఆ ఆట హైదరాబాదు పొలిమేర దాటి మన దిక్కు రాలేదు. పట్నం మురికి మోసుకుని మూసీ మన మండలం దాకా వస్తది, వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తది. కరెంటు కోసం మన వీర్లపాలెం కాడ నాలుగు వేల మెగావాట్ల థర్మల్ స్టేషను కట్టిండ్రు. సిమెంటు దుమ్ము మనకే, బూడిద మనకే. పట్నానికి కావల్సింది ఇక్కడినుంచి పోతది, పట్నానికి అక్కరలేనిది ఇటు వస్తది. కోచి రాడు, రెఫరీ రాడు, ఒక బంతి కూడా రాదు.

ఇప్పుడు పట్నం ఫుట్‌బాలు సంగతి చూద్దాం. లీగంటే పడుడు లేచుడు. అది హైదరాబాద్ ఎఫ్‌సీ కథలో బాగ కనబడతది. 2019లో పుట్టిన క్లబ్బు. ఇండియన్ సూపర్ లీగులో మొదటి సీజను 2019-20లో పది జట్లల్లో పదోది. పద్దెనిమిది మ్యాచుల్లో రెండే గెలిచింది. తర్వాతి ఏడు ఐదో స్థానం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియను. ఆఖరు జట్టు రెండేండ్లల్లో మొదటి జట్టయింది. తర్వాతి సీజనుందని తెలుసు గనుక కోచికి, పిల్లలకు టైము దొరికింది. అదే కప్పు పద్ధతైతే మొదటి ఓటమికే అందరూ మూట కట్టుకునేటోళ్ళు.

ఆ కథకు రెండో సగముంది. 2023-24లో అదే క్లబ్బు జీతాలు ఇయ్యలేని స్థితికి వచ్చింది. పేరున్న ఆటగాళ్ళు వెళ్ళిపోయిండ్రు. ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటి గెలిచి ఆఖరు స్థానంలో పడ్డది. 2024-25లో పదమూడింట్లో పన్నెండు. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. పేరులో ఊరున్నా జట్టు ఊరి చేతిలో లేదు. యజమాని చేతిలో ఉన్నది, యజమాని ఎటు తీస్కపోతే అటు పోయింది. జండా పట్టుకుని అరిచిన పిల్లలను ఎవరూ అడగలేదు.

ఇంకో ముచ్చట చూడండి. రెండుసార్లు ఆఖరున పడ్డా ఆ క్లబ్బు కింది లీగుకు దిగలేదు. ఎందుకంటే 2014లో మొదలైనప్పటి నుంచి 2024-25 దాకా ఆ లీగులో కిందికి దించే నియమం అమలుకాలేదు. పైసలు పెట్టి సీటు కొన్నోడు ఎంత ఓడినా సీటు కదలదు. కింది లీగైన ఐ-లీగులో హైదరాబాదు శివారు జట్టు శ్రీనిధి దక్కన్ 2022-23లో రెండోది, 2023-24లో మళ్ళీ రెండోది. అదేం పేదోళ్ళ జట్టు కాదు, విద్యాసంస్థల యాజమాన్యానిదే. అయినా మొదటి స్థానం వస్తే తప్ప పైకి దారి లేదన్నరు. ఆ మొదటోనికి దారి తెరిచింది కూడా 2022-23 నుంచే. అంతకు ముందు కింద ఎంత బాగ ఆడినా పైమెట్టు ఎక్కే దారే లేదు. పైనోడు పడడు, కిందోడు ఎక్కడు. ఈ కట్టుబాటు మనకు కొత్తనా? దీన్ని మన తాతలు ఆట మైదానంలో చూడలే, ఊళ్ళో చూసిండ్రు.

రిజర్వేషనంటే మెరిట్ చచ్చిపోయిందని రోడ్ల మీద బూట్లు తుడిచి నిరసన చేసినోళ్ళు మనకు యాదికున్నరు. ఆఖరు స్థానం వచ్చినా పైసలోడి సీటు పదిలంగా ఉన్నన్ని రోజులు వాళ్ళ మెరిట్ ఏ గూట్లో నిద్రపోయింది? రిజర్వేషన్ ఎప్పటినుంచో ఉన్నది. పైసలకూ పుట్టుకకూ ఉంటే దాన్ని సహజమంటరు, మనకొచ్చినప్పుడే అన్యాయమంటరు. మన లీగులో అట్ల ఉండొద్దు. జట్లు పెరిగి రెండు తరగతులైతే కింద ఫస్టు వచ్చినోడు పైకి పోవాలె, పైన లాస్టు వచ్చినోడు కిందికి రావాలె. సర్పంచు కొడుకు జట్టైనా సరే.

ఇక మన లీగు ఎట్లుండాలె? మేం అనుకున్నవి చెప్తం, మీరు కలపండి, తీసేయండి.

మొదటిది జాగ. పదకొండు మంది ఆటకు మైదానం కనీసం తొంభై మీటర్ల పొడవు, నలభై అయిదు మీటర్ల వెడల్పు ఉండాలె. లెక్కేస్తే సరిగ్గా ఎకరం. 2022లో ఊరూరికి క్రీడా ప్రాంగణమని సర్కారు బోర్డులు పెట్టింది. బోర్డున్న చోట ఎకరం ఉన్నదా, గుంటలే ఉన్నయా? తాడు పట్టుకుని మీ ఊళ్ళో మీరే కొలవండి. కొలిచి కాయితం మీద రాసి ఎంపీడీవో ఆఫీసుల ఇయ్యండి. ఎకరం దొరికేదాకా సగం జాగలో ఏడుగురి ఆట మొదలుపెడదాం. బడి మైదానం అందరిది, ఆదివారం దాని గేటుకు తాళం ఉండొద్దు.

రెండోది జట్టు. మాల జట్టు, మాదిగ జట్టు, లంబాడ జట్టు అని వద్దు. దామరచర్ల జట్టు, వాడపల్లి జట్టు, వీర్లపాలెం జట్టు, కొండ్రపోల్ జట్టు, కల్లేపల్లి జట్టు. ఊరి పేరు మనదే గద! వాడ, తండా పిల్లలు లేని జట్టును రాసుకోవద్దు. మైదానం పక్కన ఒకటే నీళ్ళ డ్రమ్ము, ఒకటే గ్లాసు ఉండాలె. కప్పు ఒక్క దినం పండుగ. ఆ ఒక్క దినం కలిసి ఫోటో దిగుడు అల్క. ఏడు ఆదివారాలు అదే గ్లాసుతో తాగి, ఒకరి చెమట ఒకరికి అంటుతుంటే పాస్ ఇచ్చుకునుడు కష్టం. ఆ కష్టమే మనకు కావాలె.

మూడోది టైము. సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి నాట్లు అయినంక, కోతలు మొదలయ్యే లోపు ఆదివారాలు దొరుకుతయి. ఆదివారానికి నాలుగు మ్యాచులైతే ఏడు వారాల్లో ఇరవై ఎనిమిదీ అయిపోతయి. పిల్లల పరీక్షల ముందటి ఆదివారం వదిలేద్దాం. రైసు మిల్లులో హమాలీకి పోయేటోడు, ప్లాంటులో షిఫ్టు పడ్డోడు ఒక వారం రాలేడు. అందుకే జట్టుకు పదహారు పేర్లు రాసుకోవాలె. రాలేనోని పేరు కొట్టేయొద్దు.

నాలుగోది ఆడపిల్లలు. నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడుతున్నది. 2025లో ఆమెను దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలరుగా ఫెడరేషను ఎంపిక చేసింది. మన తండాల్లో ఎంతమంది సౌమ్యలు బిందెలు మోసుకుంట తిరుగుతున్నరో! మొదటి ఏడే ఆడపిల్లలకు నాలుగు జట్లతోనన్నా లీగు పెట్టాలె.

అయిదోది పైసలు. పెద్దమనిషి ఇచ్చే వెండి కప్పు మాకొద్దు. జట్టుకొక బంతి చాలు. ఆ బంతి కూడా మన చేతిదే. పాత పద్ధతి బంతిలో ముప్ఫై రెండు ముక్కలుంటయి, ఇరవై ఆరు మూలలవి, పన్నెండు అయిదు మూలలవి. పంజాబులో జలంధర్ చుట్టుపక్కల బస్తీల్లో, పల్లెల్లో ఆ ముక్కలు కుట్టే చేతులు ఎక్కువ భాగం దళితులవి. తోలు ముట్టినోన్ని ఊరు ముట్టలేదు. మనం కుట్టిన బంతిని మాత్రం లోకమంతా తన్నుతది, ముద్దు పెట్టుకుంటది.

కూలి దొరకక చస్తుంటే ఆటలేందని పెద్దోళ్ళు అడుగుతరు. అడగాల్సిన మాటే. లీగు పెడితే అందరికీ స్పోర్ట్సు కోటా ఉద్యోగాలొస్తయని మేం అబద్ధం చెప్పం. వేలల్లో ఒకనికి వస్తే వస్తది. కానీ కూలోనికి కూలీ కావాలె, ఆదివారమూ కావాలె. తాగుడు దుకాణం ముందు పోయే ఆదివారాన్ని మైదానంకు మళ్ళిస్తే ఇల్లు కూడ కొంచెం నిమ్మలపడతది. పంచాయతీ గోడకు పాయింట్ల పట్టిక అంటిస్తే, అండ్ల మన పిల్లల పేర్లు అందరి కండ్ల ముందు ఉంటయి. ఇన్నేండ్లు ఆ గోడ మీద మన పేర్లు బాకీల లిస్టులోనే చూసినం.

సంక్రాంతి కప్పుకు ఈసారి ఎంట్రీ ఫీజు కట్టొద్దు. ఆ పైసలతో బంతి కొనండి. ఊరికి ఇద్దరు చొప్పున పెద్దమనుషులు కాని పిల్లలను పంపండి, దామరచర్ల బడి మైదానంలో కూర్చుందాం, ఏ ఆదివారం ఎవరితో ఎవరో కాయితం మీద రాసుకుందాం. ఓడిపోతమని భయపడే ఊరు ముందు రావాలె. లీగు పెట్టేది ఆ ఊరి కోసమే.

జై భీమ్.