మోటారు టైమింగ్ చెవికి అందదు

పాత ఔట్‌బోర్డు మోటారుకు టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, పెట్టే పనిని చాలామంది ఇప్పటికీ చెవికే వదిలేస్తున్నారు. మోటారు స్టార్టు చేసి, ప్లేటును కాస్త అటూ ఇటూ జరిపి, శబ్దం నున్నగా వచ్చిందనిపించిన చోట బోల్టు బిగించేస్తారు. అనుభవమున్న మెకానిక్ చెవిని తక్కువ చేయనక్కర్లేదు. కార్బొరేటర్ మొరాయించినా, బేరింగు అరిగినా ముందుగా పసిగట్టేది ఆ చెవే. టైమింగ్ మాత్రం దానికి అందేది కాదు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే క్రాంకు ఒక్క డిగ్రీ కదలడానికి పట్టే కాలం సెకనులో 30,000వ వంతు. స్పార్కు 5 డిగ్రీలు ముందుకు జరిగినా తేడా సెకనులో 6,000వ వంతే. అలల హోరులో, ఎగ్జాస్టు రొదలో ఆ తేడాను పట్టగలిగే మనిషి ఉండడు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. పాత టూ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి టైమింగ్ ఒక్కచోట నిలిచి ఉండదు. థ్రాటిల్ తిప్పితే కార్బొరేటర్‌తో పాటు ఫ్లైవీల్ కింది టైమింగ్ ప్లేటు కూడా తిరుగుతుంది. ఐడిలింగ్‌లో పిస్టన్ దాదాపు పైకి చేరాక పడే స్పార్కు, ఫుల్ థ్రాటిల్‌లో రకాన్ని బట్టి 20 నుంచి 30కి పైగా డిగ్రీల ముందే పడుతుంది. మోటారుకు దెబ్బ తగిలేది అక్కడే. ఒడ్డున ఐడిలింగ్‌లో విని పెట్టిన టైమింగ్, సంద్రంలో నిండు బరువుతో పరుగెత్తేటప్పుడు ఎక్కడికి పోతుందో ఆ శబ్దం చెప్పదు. కార్బొరేటర్‌నూ ఆ ప్లేటునూ కలిపే లింకు రాడ్డు కాస్త వదులైనా చాలు, పెట్రోలు ఒక లెక్కన, స్పార్కు మరో లెక్కన నడుస్తాయి.

టైమింగ్ ముందుకు జరిపితే స్పీడు పెరుగుతుందన్న నమ్మకంలో సగం నిజముంది. మంట సిలిండరంతా పాకడానికి సమయం కావాలి కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు పడాలి. ఆ హద్దు దాటితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి పెరిగిపోయి, మిగిలిన గ్యాసు తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. నాకింగ్ అనేది దాన్నే. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మంట పడుతుంది, పిస్టన్‌కు చల్లబడే వ్యవధి ఉండదు. ముందు అంచులు కరుగుతాయి, తర్వాత నడినెత్తిన చిల్లు పడుతుంది. కిరోసిన్‌కు ఆక్టేన్ తక్కువ కనుక ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కేరళ తీరంలో విరివిగా వాడే కిరోసిన్ మోటార్లను తక్కువ కంప్రెషన్‌తో తయారు చేయడానికి కారణం అదే. మామూలు పెట్రోలు మోటారులో కిరోసిన్ కలిపి, పైగా టైమింగ్ ముందుకు జరపడం పిస్టన్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే. స్పార్కు ఆలస్యమైతే చిల్లు పడదు కానీ వేడి ఎగ్జాస్టులోకి పోయి ఇంధనం దండగవుతుంది.

అరిగిపోయిన మోటారుకు మాన్యువల్ అంకెలు పనికిరావనే వాదన ఒకటి వినిపిస్తుంది. నిజానికి టైమింగ్‌ను జరిపేదే ఆ అరుగుదల, కాబట్టి ఆ అంకెలతో సరిచూడటం మరింత అవసరం. పాయింట్ల మోటార్లలో కామ్‌ను రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, స్పార్కు వెనక్కి పోతుంది. 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్ల ఆ గ్యాప్‌ను ఫీలర్ గేజీతో చూడకుండా టైమింగ్ గురించి మాట్లాడటం వృథా. రెండు సిలిండర్లకు వేర్వేరు పాయింట్లుంటే గ్యాప్‌లో తేడా రెండింటి టైమింగ్‌నూ విడదీస్తుంది. ఫ్లైవీల్ మీది గుర్తును నమ్మలేమంటారా, సరిచూసుకునే దారి ఉంది. ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌ను ఆపే కడ్డీ బిగించి, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పి ఆగినచోట ఒక గీత, రెండోవైపు తిప్పి ఇంకో గీత పెట్టాలి. రెండు గీతల నడిమధ్యే టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవాటికి ఈ బెడద లేదనుకోవడమూ సరికాదు. పాయింట్లు లేకపోయినా లింకు రాడ్డూ, దాన్ని ఆపే స్క్రూ చాలావాటిలో ఉన్నాయి. తాడు లాగినప్పుడు కనిపించే టైమింగ్‌కూ, పరుగులో ఉన్నప్పటి టైమింగ్‌కూ కొన్నింట్లో కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది కూడా. టైమింగ్ లైటుతో ఫుల్ థ్రాటిల్‌లో చూడాలంటే మోటారు నీళ్లలో, బరువు మీద ఉండాలి. గట్టున అంత వేగంగా తిప్పితే అదుపు తప్పి పాడవుతుంది.

పాతవాటిని పారేసి కొత్త ఫోర్ స్ట్రోక్ మోటార్లు కొనుక్కోమనేవారి మాటలో న్యాయముంది. టూ స్ట్రోక్ కాలని నూనెను నీళ్లలోకి వదులుతుంది. 1909లో మొదలైన ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది, అలాంటివాటికి విడిభాగాలు ముందుముందు దొరకడం కష్టం కావచ్చు. అయితే కొత్త మోటారుకయ్యే ఖర్చు చిన్న ఫైబర్ బోటు యజమానికి భారం. కొనగలిగేదాకా పాతదానితోనే వేటకు వెళ్లక తప్పదు. నడిసంద్రంలో పిస్టన్ పట్టేస్తే ప్రమాదంలో పడేది మనుషులు.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటారు బోట్లు ఒడ్డున ఉండే ఆ రోజుల్లో మత్స్యశాఖ పెద్ద రేవుల్లో టైమింగ్ లైటు, డయల్ గేజీ అందుబాటులో ఉంచాలి. విశాఖపట్నంలోని సిఫ్‌నెట్ కేంద్రం మెరైన్ ఇంజన్ల పనిలో శిక్షణ ఇస్తున్న సంస్థే. రేవు మెకానిక్‌లకు ఈ పని నేర్పించే బాధ్యత దానికి అప్పగించాలి. బోటు యజమానులు కూడా కూలి ఇచ్చేముందు టైమింగ్ ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టారో అడిగి, ఆ అంకెనూ తేదీనీ మోటారు మూత లోపల పెయింటుతో రాయించుకోవాలి.