తునికాకు పుట్టిన అడివి

పోయిన ఆదివారం మా మనవడు పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూచున్నాడు. వర్షారణ్యాల పాఠం. వాడు చదివాడు, నేను విన్నాను. నాలుగో తరగతి చదువు నాది, వినడమే నయం. అమెజాన్ లాంటి అడవులు భూమ్మీద నేలలో నూటికి ఆరేడు వంతులేనట, జీవరాసుల్లో మాత్రం సగానికి పైగా వాటిలోనే బతుకుతాయట. అక్కడి చెట్లు వేళ్లతో తాగిన నీళ్లను ఆకుల్లోంచి ఆవిరిగా వదిలి మళ్లీ వాన కురిపించుకుంటాయట. ఇది నాకు చప్పున అర్థమైంది. మిల్లులో రింగు ఖాతా గుర్తుందా? గాలికి తేమ పట్టించే మిషను ఆగిందంటే పోగులు పటపట తెగేవి, అతకడానికి చేతులు చాలేవి కావు. అడివిలో ఆ మిషను పని చెట్టు చేస్తుంది.

"మన తాడోబా కూడా అట్లాంటిదేనా తాతా?" అని అడిగాడు.

కాదురా అన్నాను. మనకు వాన నాలుగు నెలలే. ఎండకాలం వస్తే టేకు చెట్టు ఆకంతా రాల్చేసి నీళ్లు పొదుపు చేసుకుంటుంది. చంద్రపూర్ ఎండ సంగతి మీకు చెప్పాల్నా! ఆ రాలిన ఆకు చెత్త కాదు. వాన నేలను కొట్టుకుపోకుండా ఆపుతుంది, నీళ్లను మెల్లగా లోపలికి దింపుతుంది. ఆ వాగుల నీళ్లు ఇరయి డ్యాములో చేరితేనే మన నల్లా వచ్చేది, థర్మల్ స్టేషను నడిచేది. 2010 ఎండకాలం డ్యాములో నీళ్లు చాలక థర్మల్ యూనిట్లు ఆపాల్సి వచ్చింది. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా ఉంటుందని చెట్టు కింద ఆకుకు నిప్పు పెట్టేవాళ్లున్నారు. పాత చీరో, వలో పరిస్తే పోదా? ఒక చెట్టు కింద పెట్టిన నిప్పు ఒక చెట్టుతో ఆగదు.

1955లో తాడోబాను నేషనల్ పార్కు చేశారు. తర్వాత అంధారి అడివిని కూడా కలిపి పులుల రిజర్వు చేశారు. పులి పేరు మీదనే ఆ అడివి మిగిలింది. లేకుంటే చుట్టూ బొగ్గు గనులున్న ఈ జిల్లాలో అది ఎప్పుడో అయిపోయేది. మన తుకుం మీదుగానే జీపులు మొహర్లి గేటుకు పోతుంటాయి, పులిని చూడ్డానికి. పోనీండి, మంచిదే. కాని అడివి ఒడ్డున ఉన్నవాళ్లకు పులి చూసే వస్తువు కాదు. 2022 ఫిబ్రవరిలో థర్మల్ స్టేషనులో డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కార్మికుణ్ణి పులి లాక్కుపోయింది. అదే వారంలో మన పక్కనున్న దుర్గాపూర్‌లో ఒక పిల్లవాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. మా అబ్బాయిది కూడా షిఫ్టు డ్యూటీయే. ఆ నెలంతా వాడు గేటు తీసిన చప్పుడు వినేదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఇంకో మాట చెప్పాలి. మేము షోలాపూర్‌లో ఉన్నప్పుడు మిల్లు మూతబడితే రెండేళ్లు మా ఇంటామె బీడీలతోనే ఇల్లు నడిచింది. రాత్రి తునికాకు తడిపి పెట్టేది, తెల్లారి రేకు ముక్క పెట్టి కత్తిరించేది, దీపాలవేళకు వెయ్యి బీడీలు చుట్టేది. ఆకులో బొక్కలుంటే కార్ఖానాలో తీసి పారేసేవారు, ఆ కూలీ పోయినట్టే. మన బస్తీల్లో ఈ కథ లేని ఇల్లు తక్కువ.

ఆ ఆకు ఇట్లాంటి అడవుల్లోంచే వస్తుంది. ఎండలు ముదిరాక ఆడవాళ్లు చీకటితోనే లేచి, పొదల్లో వంగి కోస్తారు. వంగినప్పుడు మనిషి పులికి మనిషిలా కనపడదంటారు. 2025 మే నెలలో మన జిల్లాలోనే సిందేవాహి తాలూకాలో తునికాకు కోయబోయిన ముగ్గురు ఆడవాళ్లను ఒక్కరోజే పులి చంపింది. పేపరులో వచ్చింది. నేను పైకి చదివాను.

మా ఇంటామె బియ్యం ఏరుతూ వింటున్నది. చేట పక్కన పెట్టింది. "అన్నేండ్లు ఆకు కత్తిరించిన. ఎవరు కోసిన్రో ఒక్కనాడన్నా అనుకోలేదు" అన్నది.

ఎండకాలం మొహర్లి వైపు మనవాళ్లు కూడా పువ్వుకో, కట్టెలకో పోతున్నారని తెలుసు. తెల్లారక ముందు పోకండి. ఒక్కరే పోకండి. నలుగురు పోతే ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి. మీ ఇంట్లో బీడీలు చుట్టిన అమ్మలుంటే, ఆకు ఏ అడివి నుంచి వచ్చేదో అడిగి నాకు రాసి పంపండి.