పిల్లి గడ్డం కింద మిరియాల పొడి

మీ ఇంట్లో పిల్లి ఉన్నదా? ఉంటే, అది కడుపునిండా తిని తృప్తిగా కూర్చున్నప్పుడు, వేలితో మెల్లగా దాని గడ్డం పైకెత్తి వెలుతురులో చూడండి. చాలా పిల్లులకు అక్కడ ఏమీ కనబడదు. కొన్నిటికి మాత్రం, ఎవరో చిటికెడు మిరియాల పొడి చల్లినట్టు, సన్నని నల్లని నలుసులు కనిపిస్తాయి. తెల్లపిల్లికైతే అవి కంటికే తెలుస్తాయి. నల్లపిల్లికైతే వేలికి గరుకుగా తగులుతాయి.

"అయ్యో, దీని మూతికి మసి అంటింది!" అని మీరు అనుకోవచ్చు. కాని తడిగుడ్డతో తుడిస్తే ఆ నలుసులు పోవు. ఎందుచేతనంటే అది మసి కాదు, మట్టీ కాదు. అవి పిల్లికి వచ్చిన మొటిమలు!

నవ్వు వస్తున్నదా? మీ అన్నయ్యకో, అక్కయ్యకో మొటిమలు రావటం మీరు చూసే ఉంటారు. మనుషులకు అవి ఎక్కువగా యౌవనంలో వస్తాయి. పిల్లులకు అలా కాదు. పిల్లకైనా, ముసలిదానికైనా, ఆడదానికైనా, మగదానికైనా రావచ్చు. అవి ముఖమంతా రావు. గడ్డం మీదా, పెదవుల అంచునా మాత్రమే వస్తాయి.

అక్కడే ఎందుకు వస్తాయి? చర్మంలో ప్రతి వెంట్రుకా ఒక సన్నని గుంటలోంచి మొలుస్తుంది. ఆ గుంట పక్కనే ఒక చిన్న తైలగ్రంథి ఉంటుంది. అందులో ఊరే జిడ్డు చర్మాన్నీ వెంట్రుకలనూ మెత్తగా ఉంచుతుంది. పిల్లి గడ్డంలో ఈ గ్రంథులు దట్టంగా ఉంటాయి. అందుకు కారణం లేకపోలేదు. పిల్లి మీ కాళ్ళకూ, గుమ్మానికీ, కుర్చీ కాలుకూ గడ్డం రాస్తూ తిరుగుతుంది గదా! అలా రాసినప్పుడల్లా తన వాసనను అంటిస్తున్నదన్నమాట. "ఇది నా ఇల్లు, వీళ్ళు నా వాళ్ళు" అని అది చేసే సంతకం అది. గడ్డంలో ఊరే జిడ్డే దానికి సిరా.

ఇక ఆ గుంటల గోడల నుంచి కెరటిన్ అనే పదార్థం సన్నని పొట్టులాగా రాలుతూ ఉంటుంది. మన గోళ్ళు కెరటిన్‌తో తయారైనవే. మామూలుగా ఈ పొట్టు బయటికి వచ్చి రాలిపోతుంది. ఒక్కొక్కప్పుడు అది ఎక్కువై జిడ్డుతో కలిసి, సీసాకు బిరడా బిగించినట్టు గుంటకు అడ్డం పడుతుంది. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడినట్టే, ఆ బిరడా కొస కూడా నల్లబడుతుంది. మనకు కనిపించే నలుసు అదే.

ఇలా ఎందుకు జరుగుతుందనేదానికి శాస్త్రజ్ఞులు ఏదో ఒకే కారణం చెప్పరు. జిడ్డు ఎక్కువగా ఊరటం, మనసుకు కలత కలగటం, శుభ్రత చాలకపోవటం, ఇలా అనేకం ఉండవచ్చునంటారు. పిల్లి ఎంత శుభ్రమైన జంతువైనా, దాని నాలుక సొంత గడ్డం కిందికి అందదు. పాదం తడిచేసుకుని మూతి తుడుచుకోవలసిందే గాని, అక్కడ నాకి శుభ్రం చేసుకోలేదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. పిల్లి వెంట్రుకల మధ్య గెంతుతూ రక్తం పీల్చే పురుగులు ఉంటాయి. వాటి పెంటికలు కూడా నల్లని నలుసులే. మరి ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది? తెల్లని కాగితాన్ని తడిపి, దాని మీద ఆ నలుసులు కొన్నిటిని దువ్వెనతో రాల్చండి. కాసేపటికి వాటి చుట్టూ ఎర్రని చాయ వ్యాపిస్తే అవి పురుగుల పెంటికలే. ఆ ఎరుపు, పురుగు తాగి అరిగించుకున్న రక్తం. ఎరుపు రాకుండా, నలుసులు చర్మాన్నే అంటిపెట్టుకుని ఉంటే బహుశా మొటిమలే.

మొటిమలని తెలియగానే మీకు జాలి కలుగుతుంది. ఏదైనా మందు రాయాలనిపిస్తుంది. ఆగండి! పిల్లికి మొటిమల వల్ల వచ్చే ప్రమాదం కన్న, మన జాలి వల్ల వచ్చే ప్రమాదమే పెద్దది.

మన శరీరంలో కాలేయం అనేక మందులను విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే సాధనాల్లో ఒక ముఖ్యమైనది సరిగా లేదు. అందుచేత మనకు మేలుచేసే మందే దానికి విషం కావచ్చు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయటానికి. టీ ట్రీ నూనె, అక్కయ్య మొటిమలకు రాసుకునే లేపనాలు, నీళ్ళలో పోస్తే పాలలాగా తెల్లబడే క్రిమిసంహారక మందు, ఫినాయిలు, ఇవేవీ పిల్లికి తగిలించరాదు. పైగా గడ్డానికి రాసింది గడ్డం మీదనే ఉంటుందా? పాదంతో తుడుచుకుంటుంది, ఆ పాదాన్ని నాకుతుంది. మందు కాస్తా కడుపులోకి పోతుంది. కొబ్బరినూనె విషం కాదు గాని, జిడ్డుతో వచ్చిన చిక్కుకు మరింత జిడ్డు ఎందుకు?

నలుసులను గిల్లటం, నొక్కటం కూడా పనికిరాదు. నొక్కితే గుంట లోపల చిట్లి, సూక్ష్మజీవులు చేరి, చీము పడుతుంది.

మరి ఏం చెయ్యాలి? నలుసులు మాత్రమే ఉండి, వాపూ ఎరుపూ లేకపోతే, చెయ్యవలసింది చాలా తక్కువ. మెత్తని నూలుగుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండండి. మీ మణికట్టుకు ఆనించి చూసుకోండి, చురుక్కుమంటే ఆరనివ్వండి. దాన్ని పిల్లి గడ్డానికి అయిదు నిమిషాలు ఆనించి ఉంచి, తరవాత పొడిగుడ్డతో అద్దండి. రుద్దవద్దు. రోజుకు రెండుసార్లు ఇలా చేస్తే గట్టిపడిన జిడ్డు మెత్తబడుతుంది. ఈ పని పెద్దవాళ్ళు పక్కన ఉండగానే చెయ్యాలి. పిల్లి వద్దని గింజుకుంటే వదిలెయ్యండి. గీరినా, కరిచినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరు దగ్గిరికి వెళ్ళాలి.

రెండో పని గిన్నె సంగతి చూడటం. మీ పిల్లి ప్లాస్టిక్ గిన్నెలో తింటున్నదా? ప్లాస్టిక్ మీద సన్నని గీతలు పడి, వాటిలో జిడ్డూ సూక్ష్మజీవులూ దాగుతాయి. మొటిమలు గిన్నె వల్లనే వస్తాయని రుజువు కాలేదు. అయినా స్టీలు పళ్ళెమో, పింగాణీ సాసరో పెట్టి, రోజూ సబ్బుతో కడిగితే నష్టమేమీ లేదు గదా! లోతు లేని పళ్ళెమైతే గడ్డానికి తిండి అంటుకోదు కూడా.

ఇక ఎప్పుడు పశువుల డాక్టరుకు చూపించాలి? గడ్డం ఎర్రబడినా, వాచినా, వెంట్రుకలు ఊడినా, చీమో రక్తమో వచ్చినా, పిల్లి తిండి మానేసినా ఇంట్లో ఉంచుకోకూడదు. వెంట్రుకలు ఊడితే అది తామర కావచ్చు. తామర ఒక రకం బూజు. అది పిల్లి నుంచి మీకూ అంటుకుంటుంది. అందుచేత గడ్డం ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. డాక్టరు నాలుగు వెంట్రుకలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. చీకటిగదిలో ఊదారంగు దీపం వేసి కూడా చూడవచ్చు. ఆ దీపాన్ని 1903లో కనిపెట్టినవాడు రాబర్ట్ వుడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆ వెలుగులో కొన్నిరకాల తామర బూజు పచ్చగా మెరుస్తుంది. మొటిమలు అలా మెరవవు. డాక్టరు అవసరాన్ని బట్టి గడ్డం కడగటానికి మందునీళ్ళో, చీముకు మాత్రలో ఇస్తారు. ఆ మందులు పిల్లికి సరిపడేవి, పిల్లి బరువుకు తగినవి.

పెద్దలకు ఒక మాట. ఈ మొటిమలు కొన్ని పిల్లులకు ఒకసారి వచ్చి పోతాయి. కొన్నిటికి తగ్గి, మళ్ళీ వస్తూ జీవితాంతం ఉంటాయి. అది మీ లోపం కాదు. పిల్లల చేతికి మందుసీసా అందనివ్వకుండా, శుభ్రమైన పళ్ళెం, వెచ్చని గుడ్డ అందించండి.

నాలుగు నలుసులు మిగిలిపోయినా పిల్లికి బెంగ లేదు. అది అద్దం చూసుకోదు. రేపు పొద్దున మళ్ళీ వచ్చి మీ కాలికి గడ్డం రాసి, తన సంతకం చేసిపోతుంది.