ఇంటిపేరు దాచుకుంటే గది దొరకదు, బతుకు కూడా దొరకదు

పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు "చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర రూమ్ కావాలి" అని అడిగిండు. కింద వచ్చిన సలహాలు ఎక్కువశాతం ఒక్కటే: "ఇంటిపేరు చెప్పకు. ఊరి పేరు చెప్పకు. అడిగితే వేరే కులం చెప్పు." అందరూ మంచి మనసుతోనే చెప్పిన్రు. అయినా మా గొడవ ఆ సలహాతోనే. తప్పు చెయ్యని మనం దాక్కోవాల్నట, అడగకూడని ప్రశ్న అడిగేటోళ్లు మాత్రం గేటు దగ్గర దర్జాగా నిలబడొచ్చునట!

ముందు ఒక మాట. గది సంగతి చిన్న విషయం అనుకునేటోళ్లు మనలోనే ఉన్నరు. హాస్టల్ సీటు కోర్సుతోనే అయిపోతది. గ్రూప్స్, టీచర్, పోలీస్ పరీక్షల చదువు అప్పుడే మొదలైతది. కోచింగ్ అశోక్ నగర్‌లో ఉంటది. పొద్దంతా కూర్చుని చదువుకునే చోటు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. అటు నారాయణగూడ దాకా నడిచే దూరంలో గది ఉంటేనే బస్సు ఖర్చు, టైము మిగులుతయి. బెడ్డుకింత అని తీసుకునే ప్రైవేటు హాస్టళ్లలో కులం పెద్దగా అడగరు, కానీ ఆ నెల ఖర్చు కూలి చేసుకునే ఇల్లు మోయలేదు. నలుగురం కలిసి గది తీసుకుని, ఊరి నుంచి బియ్యం, కారం తెచ్చుకుని వండుకుంటేనే ఏడాది నిలబడగలం. కాబట్టి గది దొరకలేదంటే పరీక్ష పోయినట్టే. నోటిఫికేషన్‌లో మన పోస్టు ఉంటది. ఆ పోస్టుకు పోయే తొవ్వలో తలుపు మూసి ఉంటది.

మేం ముగ్గురం మొన్న వేసవిలో ఈ గల్లీలన్నీ తిరిగినం. మాలో ఒకరిది తండా, ఇద్దరిది కోయగూడెం. "మీరేమోళ్లు?" అని సూటిగా అడిగినోళ్లు కొందరు. "ఇంటిపేరేంది బాబు?" అని తిప్పి అడిగినోళ్లు కొందరు. "నాన్‌వెజ్ వండుతరా, ఎండుచేపల వాసన మాకు పడదు" అన్న ఇంటి వంటగదిలోంచి మటన్ కూర వాసన వస్తుండె! ఒక చోట ఏమీ అడగలేదు. అద్దె మాట్లాడుకున్నం, అడ్వాన్స్ రెండు నెలలు అన్నరు, సరే అన్నం. ఆధార్ జిరాక్స్ ఇయ్యంగనే అందులో తండా పేరు చదివిన్రు. "ఫోన్ చేస్తం" అన్నరు. మర్నాడు "వేరేవాళ్లు తీసుకున్నరు" అన్నరు. వారం తర్వాత కూడా టులెట్ బోర్డు అట్లనే వేలాడుతున్నది.

ఇప్పుడు చెప్పండి, ఇంటిపేరు దాస్తే ఏమైతది? ఆధార్‌ను ఎక్కడ దాస్తం? అమ్మ ఫోన్ చేస్తే గోర్‌బోలిలో, కోయలో మాట్లాడకుండా ఎట్లుంటం?

దాచుకోవడం ఎంతవరకు కాపాడుతదో అంబేడ్కర్ బతుకే చెప్పింది. 1913లో న్యూయార్క్ పోయి కొలంబియాలో చదివిండు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నరు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అని తన అనుభవాలకు పేరు పెట్టడం ఊరికే కాదు. పరాయి దేశంలో గది దొరికినోడు సొంత దేశంలో పరదేశి అయిండు. అంత చదువు, అంత ఉద్యోగం ఉన్న మనిషినే మారుపేరు కాపాడలేదు. మనల్ని కాపాడుతదా?

"ఇల్లు వాళ్లది, ఇష్టం వాళ్లది" అంటరు కొందరు. వాళ్లు పండుకునే ఇంట్లోకి మనం చుట్టాలుగా రామంటలేం. బోర్డు పెట్టి, రేటు చెప్పి, అడ్వాన్స్ తీసుకుని గది ఇస్తే అది వ్యాపారం. కిరాణా దుకాణపాయన కులం అడిగి ఉప్పు అమ్మితే ఒప్పుకుంటమా? రాజ్యాంగం ఆర్టికల్ 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర కులం పేరుతో అడ్డుకోవద్దని రాసింది. అద్దె ఇల్లు పేరు పెట్టి ఆ జాబితాలో లేదు. కులం పేరుతో పదిమందిలో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. కానీ వీళ్లు తిట్టరు గదా! నవ్వుతూనే "ఇచ్చేసినం" అంటరు. 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టం తయారుచేసి, ఇంటి డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించొద్దని పెట్టింది. మరి కులం చూసి తిప్పి పంపొద్దన్న మాట ఎక్కడ?

"మీ ఏజెన్సీలో 1/70 ఉంది, మమ్మల్ని భూమి కొననియ్యరు, మా ఇంట్లో మీకు గది కావాల్నా?" అన్న ఓనర్ కూడా తగిలిండు. దీనికి జవాబు ప్రతి ఒక్కరం నోటికి నేర్చుకోవాలె. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు ఆర్టికల్ 19(1)(ఇ) అందరికీ ఇచ్చింది. షెడ్యూల్డ్ తెగల రక్షణ కోసం ఆ హక్కుకు హద్దులు పెట్టొచ్చని 19(5) రాసింది. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో గట్టిగా సవరించింది మన భూములు పోతున్నయి కాబట్టే. మనం అద్దెకు దిగితే ఏ ఓనర్ భూమీ పోదు. నెల తిరగంగనే ఆయనకే పైసలొస్తయి.

ఇంకో సంగతి. ఈ గల్లీల్లో చాలామంది ఓనర్ల పిల్లలు అమెరికాలో ఉన్నమని వాళ్లే గర్వంగా చెప్పుకుంటరు. అక్కడ వాళ్ల పిల్లలే పరదేశీలు. అయినా రంగు, మతం, పుట్టిన దేశం చూసి అపార్ట్‌మెంట్ ఇయ్యనంటే కుదరదని 1968 నుంచి అక్కడ చట్టం ఉంది. ఓనర్ తానుండే చిన్న ఇళ్లకు కొన్ని మినహాయింపులున్నయి. వివక్ష పోయిందనీ అంటలేం. కానీ 1973లో న్యూయార్క్‌లో నల్లవాళ్లకు ఫ్లాట్లు ఇస్తలేరని ట్రంప్ కుటుంబ కంపెనీ మీద అక్కడి ప్రభుత్వమే కేసు వేసింది. 1975లో తప్పు ఒప్పుకోకుండానే అయినా, వివక్ష చూపమని ఆ కంపెనీ కోర్టు ముందు రాసియ్యాల్సి వచ్చింది. కొడుకుకు డల్లాస్‌లో కావాల్సిన న్యాయం, తండ్రి చిక్కడపల్లిలో మనకు ఇయ్యడట!

అందుకే మా మాటలు ఇవీ:

1. గది కోసం అడిగినోళ్లకు "కులం దాచు" అనే సలహా ఇక ఆపుదాం. ఇప్పటికే దాచుకుని ఉంటున్న మనోళ్లను ఎవరూ నిందించొద్దు. సిగ్గు పడాల్సింది అడిగినోళ్లు.

2. కులం అడగకుండా గదులిచ్చిన ఓనర్లు కూడా ఉన్నరు. మనం ఖాళీ చేసే గది ముందు మనోళ్లకే తెలిసేటట్టు గ్రూపులో పెడదాం.

3. డిగ్రీ అయినంక పోటీ పరీక్షలు రాసేటోళ్లకు నగరంలో హాస్టల్ వసతి పెంచాలని గిరిజన సంక్షేమ శాఖకు అందరం సంతకాలతో వినతిపత్రం ఇద్దాం.

4. అద్దె ఇంట్లో కుల వివక్ష నేరమని రాష్ట్ర చట్టంలో రాయాలని అడుగుదాం. ఓట్లకోసం మన గూడేలకు, తండాలకు వచ్చే ప్రతి నాయకుడినీ అడుగుదాం. ఇందిరా పార్కు ధర్నా చౌక్ అశోక్ నగర్ పక్కనే ఉంది, నడిచే పోవచ్చు.

ఊట్నూరులో, ఏటూరునాగారంలో, భద్రాచలంలో టీచరొచ్చినా, దుకాణం పెట్టేటాయన వచ్చినా మన పెద్దలు ముందు మంచం వేసి, నీళ్లిచ్చిన్రు. కులం తర్వాత సంగతి. ఆ మర్యాదను నగరం ఇప్పుడు తిరిగి ఇయ్యాలె. దయ చూపమని అడుగుతలేం. అద్దె కడుతున్నం.

జై భీమ్. జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడిన కొమురం భీమ్‌కు జోహార్.