విదేశీ కోటాలో ఒక జీవితం

కోచ్‌గా తనను తాను పక్కన కూర్చోబెట్టుకోవడం ఏ ఆటగాడికైనా కష్టమే. 2015లో ఇండియన్ సూపర్ లీగ్ జట్టు ఢిల్లీ డైనమోస్‌కు వచ్చిన రాబర్టో కార్లోస్‌కు ఆ పరీక్ష ప్రతి మ్యాచ్‌కూ ఎదురైంది. అప్పటికి ఆయన వయసు 42. జట్టుకు ఆయనే కోచ్, ఆయనే ప్రధాన ఆకర్షణ. అప్పటి లీగ్ నిబంధన ప్రకారం మైదానంలో కనీసం అయిదుగురు భారతీయులు ఉండాల్సి వచ్చేది. మిగిలిన ఆరు చోట్లే విదేశీయులకు. తాను దిగితే మరో విదేశీయుడు బెంచీకి పరిమితం కావాలి. పైగా, ఆయన లాగే లెఫ్ట్ బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న నార్వే ఆటగాడు జాన్ ఆర్నె రీసె కూడా అదే జట్టులో ఉన్నాడు.

ఈ కోటా లెక్కలు ఆయనకు కొత్త కాదు. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో పేద కుటుంబంలో పుట్టిన కార్లోస్ 1995లో ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్‌కు వలస వెళ్లారు. అక్కడ ఆయన్ను ఇంకా ముందుకు జరిపి ఆడించడం నచ్చలేదు. ఏడాదికే రియల్ మాడ్రిడ్‌కు మారి, 11 సీజన్లలో నాలుగు స్పానిష్ లీగ్ టైటిళ్లు, మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచారు. 2002లో బ్రెజిల్ తరఫున ప్రపంచ కప్ కూడా. అయినా స్పెయిన్ రికార్డుల్లో ఆయన ‘ఐరోపా యూనియన్ బయటివాడే’. అలాంటి వారికి జట్టులో మూడే స్థానాలు. 2005లో ఆయన స్పెయిన్ పౌరసత్వం తీసుకున్నాక క్లబ్‌కు ఒక స్థానం ఖాళీ అయింది.

డిఫెండర్‌కు ఇంకో చిక్కు ఉంది. ఫార్వర్డ్ తప్పు చేస్తే ఒక అవకాశం పోతుంది, డిఫెండర్ తప్పు చేస్తే గోల్ పడుతుంది. 1997లో ఫ్రాన్స్‌పై ఆయన కొట్టిన, గోడలా నిలిచిన ఆటగాళ్లను చుట్టి వెళ్లిన ఫ్రీ కిక్‌ను ఇప్పటికీ చూస్తారు. కానీ 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో అదే ఫ్రాన్స్‌కు చెందిన థియరీ ఆన్రీని వదిలేశారన్న నింద కూడా అంతే గట్టిగా అంటుకుంది. దాంతో ఆయన జాతీయ జట్టు కెరీర్ ముగిసింది.

ఆ తర్వాత టర్కీ, మళ్లీ బ్రెజిల్, 2011లో రష్యా. డాగెస్తాన్ క్లబ్ అంజీకి ఆడుతుండగా సమారాలో ఆయన ముందు అరటిపండు విసిరారు. నల్లజాతి ఆటగాడిని కోతితో పోల్చే నీచమైన అవమానం అది. అంతకు మూడు నెలల ముందే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ప్రేక్షకుడు అరటిపండు చూపించాడు. ఈసారి కార్లోస్ ఆ పండు తీసి గీత బయటికి విసిరి, ఆట వదిలేసి నడిచి వెళ్లిపోయారు. అప్పటికి ఆయన జట్టు గెలుపు బాటలోనే ఉంది. అదే ఏడాది, కోచ్‌ను తొలగించినప్పుడు, క్లబ్ తాత్కాలికంగా ఆ బాధ్యతను ఆయనకే అప్పగించింది. ఆటగాడు-కోచ్ పాత్ర అలా మొదలైంది. ఆపై టర్కీలో సివాస్‌స్పోర్, అఖిసార్ జట్లకు కోచ్‌గా చేసి ఢిల్లీ వచ్చారు.

ఇక్కడ టికెట్ కొన్నవారికి కావలసింది ఆ ఎడమ కాలు. జట్టుకు కావలసింది పాయింట్లు. కార్లోస్ రెండోదాన్నే ఎంచుకున్నారు. కొద్ది మ్యాచుల్లో మాత్రమే బరిలో దిగారు. ఢిల్లీ నాలుగో స్థానంతో సెమీఫైనల్ చేరింది. సొంతగడ్డపై గోవాను 1-0తో ఓడించినా, రెండో అంచెలో 0-3తో కంగుతిని నిష్క్రమించింది. ఆ సీజన్ తర్వాత ఆయన వెళ్లిపోయారు.

ఒకే జీతంపై ఇద్దరు దొరికారన్న ఆశతోనే క్లబ్‌లు ఆటగాడు-కోచ్‌లను తెచ్చుకుంటాయి. కానీ ఆ ఇద్దరిలో ఆటగాడిని పక్కన పెట్టగల ధైర్యం కోచ్‌కు ఉంటేనే ఆ ఏర్పాటు నిలుస్తుంది. ఏళ్ల తరబడి పరాయి దేశాల్లో విదేశీ కోటా లెక్కలో బతికిన మనిషి, ఆ లెక్క తన చేతికి వచ్చినప్పుడు తన చోటును ఎక్కువగా ఇతరులకే వదిలారు. ట్రోఫీల జాబితాలో దీనికి చోటు లేదు.